పన్నెండు నిమిషాలు

సరిగ్గ పన్నెండు నిమిషాలు.
సైదాబాద్‌ల కిక్కు కొడితె
చాదర్‌ఘాట్ వంతెన మీదికి రాంగనె
ఒక దగ్గు, ఇంకో దగ్గు,
తర్వాత ఎవరో దీపం ఊదినట్టు.
వెనకాల బస్సు తిట్టుకుంట పక్కకు జరుగుతది.
నేను మూసీ వాసన పీల్చుకుంట నిలబడత,
భుజానికి కరెంటు బిల్లుల మిషను,
ఇంకా నూటనలభై మీటర్లు చూడాలె.

పావుగంట ఊకుంటె
మళ్ల తనంతట తనే స్టార్టయితది,
అలిగినోడు ఎవరూ పిలువకున్నా
అన్నం కాడికొచ్చి కూసున్నట్టు.

ఎనభై ఆరు మోడల్ యెజ్డీ.
గేరుకూ కిక్కుకూ ఒకటే రాడ్డు.
రెండు సైలెన్సర్లు, అందుల ఒక్కటే అసలుది.
కొన్ననాడు మా చిన్నమ్మ అన్నది
ఆడిపిల్లకు ఈ ఇనుప బర్రె ఎందుకే శకుంతా అని.
నాకు బర్రెలంటె మొదటి నుంచి ఇష్టమే.

పంపు కాడి పిలగాడు పెట్రోల్ల నీళ్లున్నయన్నడు.
లైన్‌మన్ బక్కన్న కాయిలు వేడెక్కుతున్నదన్నడు,
ఆయనకు యాడ చూసినా కరెంటే కనిపిస్తది.
కాయిలు మార్చిన.
కండెన్సరు మార్చిన.
ప్లగ్గులైతె మూడు.
పన్నెండో నిమిషం మాత్రం మారలే.

దబీర్‌పురల ఖుద్దూస్ చాచా షెడ్డు,
షెడ్డంటె ఒక తడక, నీలం పట్టా, నాలుగు డాల్డా డబ్బాలు.
ఎడమ చెవి వినపడదు ఆయనకు.
కుడి చెవికి స్క్రూడ్రైవర్ పిడి ఆనిచ్చుకోని
మొన తీస్కపోయి ఇంజిను మీద పెట్టిండు.
నేను ఊపిరి బిగబట్టిన,
డాక్టరు నన్నే చూస్తున్నట్టు.
"బేరింగు సాఫ్. పిస్టను మంచిగనె మాట్లాడుతున్నది.
మాట్లాడనోడు ఎవడో ఉన్నడు."

ప్లగ్గు విప్పి అరచేతిల పెట్టిండు.
కాలిన రొట్టె రంగుండాలె,
సున్నం కొట్టినట్టు తెల్లగున్నది.
"నల్లగుంటె తిన్నది అరగక.
ఇది తిండి లేక."

కార్బురేటర్ గిన్నెల చెంచాడు పెట్రోలు.
బ్రేకు వైరు పోగు ఒకటి పీకి జెట్టుల దూర్చిండు,
నోటితోని ఊదిండు, ఉమిసిండు, మళ్ల ఊదిండు.
ఏం లేదాడ.
ఇగ పైపు గుంజి నీళ్ల సీసల పెట్టిండు.
ధార.
సన్నధార.
దారమంత.
చుక్క.
కొంచెం ఆగి, ఇంకో చుక్క.
ఇగ రాలే.

ట్యాంకు ఊపితె లోపల గలగల.
"నిండుగున్నది, ఇస్తలేదు" అని
మూత మీద చెయ్యేసి తిప్పిండు.

స్స్...

గాలి. బయటికి కాదు,
లోపలికి.
ఎన్నాళ్ల నుంచి గుటక మింగకుండ ఉన్నదో.
సీసల చుక్కలు ధార కట్టినయి.

"మూతల బొక్క ఉంటది బేటీ, సూదిమొనంత.
గాలి లోపలికి పోతేనె ఆయిల్ కిందికి దిగుతది.
దీన్ని ఎవరు మూసిన్రు?"

నేను డాల్డా డబ్బాలు లెక్కపెట్టిన.
మొదటి వాన పడ్డ రాత్రి,
బండి బయటనె తడుస్తుందని నిద్ర పట్టక,
కొవ్వొత్తి ముట్టిచ్చి, మైనం కార్చి,
నీళ్లు దిగొద్దని
బొటనవేలితోని ఒత్తింది నేనే.
మూత తిప్పి చూపిచ్చిండు,
నా వేలిముద్ర ఇంకా అట్లనె ఉన్నది,
గీతలు గీతలుగ, దొంగ దొరికినట్టు.

నా చున్నీ పిన్ను అడిగి తీస్కోని
మైనం మెల్లగ పెళ్లగిచ్చిండు.
ఎంత చాచా అంటె
"యాభై. పిన్ను నీదే గద" అన్నడు.

మర్నాడు చాదర్‌ఘాట్ వంతెన.
చేతులు వాటంతట అవే బిగుసుకున్నయి.
కాలు కిందికి దించబోయిన, అలవాటు కొద్ది.
బస్సు హారను కొట్టింది.
బండి ఆగలే.
అవతల కోఠి దిక్కు ఎండ పడుతున్నది,
పదమూడో నిమిషంల ఏం చెయ్యాల్నో
నాకు తోచలే.

సైడు సంచిల గతుకు గతుకుకూ చప్పుడు,
పాత కాయిలు, పాత కండెన్సరు, మూడు ప్లగ్గులు.
ఏ తప్పూ చెయ్యనియి.